పోటుకీ పాటుకీ మధ్య

కాకినాడ తీరంలో పక్షుల్ని చూడాలనుకునేవాళ్లు ముందు తిథి చూసుకోవాలి. పౌర్ణమికీ అమావాస్యకీ అటూఇటూ సముద్రం బాగా ముందుకొస్తుంది, అంతే బాగా వెనక్కి తీస్తుంది. పాటు వేళ కనుచూపు మేర బురద బయటపడుతుంది. పక్షులు ఆ బురదంతా పరుచుకుపోయి కంటికి ఆనవు. పోటు ఎక్కుతున్నకొద్దీ బురద తగ్గుతుంది, పక్షులు కూడా అంగలంగలుగా ఒడ్డు వైపు జరుగుతాయి. చూసేవాళ్లకు కావలసింది ఆ రెండు మూడు గంటలే. అందుకే ఆశ్వయుజ పౌర్ణమి వెళ్లిన మర్నాటికి ప్రయాణం పెట్టుకున్నాం. ముందురోజు పడవాయన ఫోన్లోనే లెక్క చెప్పేశాడు: "తెల్లారేతలికి పోటు సగం ఎక్కుద్దండి. పదయ్యేతలికి నిండిపోద్ది. మీరు ఆరింటికల్లా కుంభాభిషేకం రేవు కాడుండాలండి మరి."

నేను హైదరాబాదు నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ముందురోజే వచ్చి మా అక్కయ్యగారింట్లో దిగాను. మేనకోడలు జువాలజీ చదువుతోంది. ఈ ప్రయాణానికి పెద్ద దిక్కు తనే. స్కోపు, ట్రైపాడు, నోటుపుస్తకం, నీళ్ల సీసాలు రాత్రే సర్దిపెట్టింది. చీకటి ఉండగానే ఆటోలో జగన్నాథపురం దాటుతుంటే ఎండుచేపల వాసన ఎదురొచ్చింది. వానలు వెనకబట్టాయి గానీ గాలిలో చెమ్మ పోలేదు, తూర్పున సముద్రం మీద మబ్బు బాగా కమ్మి ఉంది. శరత్కాలం అనగానే కవులకు తేటపడ్డ ఆకాశం, తెల్లటి వెన్నెల గుర్తుకొస్తాయి. కోస్తా జనానికి తుపానులు గుర్తుకొస్తాయి.

రేవుకు కాస్త ఇవతల కరెంటు తీగ మీద ఒక పాలపిట్ట కూర్చుని ఉంది. ఐదారు రోజుల కిందట దసరా నాడు మా వైపు జనం దాని దర్శనం కోసం ఊరి బయటికి వెళ్లి చెట్లన్నీ వెతికారు. దానికి దణ్ణం పెట్టుకుని ముందుకు నడిచాం. మేం వచ్చింది దూరదేశపు చుట్టాల కోసం.

రేవు గట్టు మీద నిలబడితే ఎదురుగా కనిపించే నీళ్లు పేరుకు సముద్రమే గానీ అల లేదు. కారణం దూరంగా తూర్పున సన్నటి గీతగా కనిపించే హోప్ ఐలాండ్. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను సముద్రం ఉత్తరానికి నెడుతూ రెండు వందల ఏళ్లలో కట్టిన దిబ్బ అది. పదహారు కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది. బంగాళాఖాతం అలలు దాని అవతలే విరిగిపోతాయి. ఇవతల నిలకడగా ఉన్న అఖాతంలోకి కోరింగ, గాడేరు పాయలు నదిలోని సన్న మట్టిని తెచ్చి వదులుతాయి, అలల తాకిడి లేదు కాబట్టి ఆ మట్టి అడుగున పేరుకుంటుంది. దక్షిణాన మడ అడవి రాల్చే ఆకు కుళ్లి ఆ మట్టిలో కలుస్తుంది. వానపాముల్లాంటి పురుగులు, గుల్లలు, రొయ్యపిల్లలు, పీతలు అందులో పుట్టి పెరుగుతాయి. నది, దిబ్బ, అడవి మూడూ కలిస్తే తయారైన బురద ఇది. ఇందులో ఏ ఒక్కటి మారినా బురద మారుతుంది. ఎగువ జలాశయాల్లో నది మట్టి ఆగిపోతున్న కాలంలో ఈ సంగతి మరిచిపోకూడదు.

వెలుగు రాగానే ముందు వినిపించింది కర్లూ అరుపు. రెండు స్వరాలు, రెండోది పైకి లేస్తుంది. ఆ తర్వాత పక్షి కనిపించింది. కోడిపెట్టంత ఒళ్లు, కొడవలి వంపు తిరిగిన జానెడు ముక్కు. మేనకోడలు స్కోపు దాని మీదికి తిప్పి, "మావయ్యా, ముక్కు ఎంత పొడవుందో చూడు, ఇది ఆడది," అంది. కర్లూల్లో ఆడదాని ముక్కే పొడవు. మేం చూస్తుండగానే అది ఒక బొరియ దగ్గర ఆగి, తల పక్కకి వాల్చి, ముక్కును దాదాపు కళ్ల వరకూ దింపింది. బయటికి తీసేసరికి చివర పీత తన్నుకుంటోంది. దాన్ని బురద మీద పడేసింది, మళ్లీ పట్టింది, విదిలించింది. ఒక కాలు ఊడింది. మళ్లీ విదిలిస్తే ఇంకోటి. డెక్కలు రెండూ పోయాక పక్కనే ఉన్న నీటి మడుగు దాకా నడిచివెళ్లి, అందులో ముంచి బురద కడిగి, పైకెత్తి మింగింది. ఒక పీతకు అంత తంతు జరిగింది. ఆ తంతు జరిగినంతసేపూ ఒక సముద్రపు కాకి కాస్త దూరంలో నిలబడి, లాక్కుపోయే సందు దొరుకుతుందేమోనని చూసింది. దొరకలేదు.

కర్లూ వెనకాల బురద అంచున గుంపులు గుంపులుగా గాడ్విట్లు, విమ్‌బ్రెళ్లు, ఎర్రకాళ్ల రెడ్‌షాంకులు. వీటిలో చాలావాటికి తెలుగులో విడివిడి పేర్లు లేవు. ఉల్లంకి పిట్టలని కలిపి అంటారు. బెస్తవాళ్లకు మాత్రం చూపులోనే తేడా తెలుసు. ఒక గుంపును చూపించి, "అయ్యి వంగిన ముక్కోళ్లండి, నీటెనక నడుత్తాయి. ఈ పొట్టియ్యి నీటి ముందు పరిగెడతాయి," అన్నాడు పడవాయన. చూస్తే నిజంగా అంతే. కాళ్లు పొడుగున్నవి మోకాలి లోతు నీళ్లలో, పొట్టివి తడి బురద మీద, గువ్వంత కూడా లేని చిన్న ప్లవర్లు ఆరిన చోట. ముక్కు పొడవును బట్టి ఎవరి లోతు వాళ్లది. పై అంగుళంలో ఉన్న పురుగును తినేది వేరు, అరచెయ్యి లోతున దాక్కున్నదాన్ని తినేది వేరు. అందుకే అన్ని జాతులు ఒకే బురద మీద కొట్లాట లేకుండా బతుకుతాయి.

కంటికి కనపడని తిండిని ఇవి ఎలా పట్టుకుంటాయన్న ప్రశ్న నన్ను చాలా కాలం వెంటాడింది. వీటి ముక్కు కొసన ఎముకలో సన్న గుంటలున్నాయి, వాటి నిండా ఒత్తిడిని గుర్తుపట్టే నాడుల కొసలున్నాయి. తడి ఇసుకలో ముక్కు గుచ్చినప్పుడు రేణువుల మధ్య నీరు కదులుతుంది. అక్కడ గుల్ల లాంటి గట్టి వస్తువు ఉంటే ఆ కదలికకు అడ్డు తగులుతుంది. ముక్కు దాన్ని తాకకుండానే పక్షికి ఆ అడ్డు తెలుస్తుంది. నాట్ పక్షుల మీద డచ్ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగం చేసి నిరూపించారు. పైగా పై ముక్కు కొసను మాత్రమే ఎత్తగలిగే ఏర్పాటు ఉంది, బురదలో ముక్కు మొత్తం తెరవనక్కర్లేదు. ఎండలో బూడిదరంగుగా నిలబడ్డ ఆ పక్షిని చూస్తే ఇంత నేర్పు దాని ముక్కు కొసన ఉందని ఎవరూ అనుకోరు.

ఏడు దాటాక మేనకోడలు చాలాసేపు స్కోపు వదల్లేదు. కర్లూ సాండ్‌పైపర్ల గుంపు ఒకటి మాకు బాగా దగ్గరికి వచ్చింది. పేరు పెద్దది గానీ మనిషి చిన్నది, అరవై గ్రాములకు అటూఇటూ తూగుతుంది. గుంపులో కొన్నింటి పొట్ట మీద ఇంకా ఇటుకరంగు మచ్చలున్నాయి. అవి పెద్దవి, ఎండాకాలపు ముస్తాబు పూర్తిగా వదలనివి. కొన్ని మాత్రం ఎక్కడా చిరుగు లేని కొత్త ఈకలతో ఉన్నాయి. వీపు మీద ప్రతి ఈకకూ తెల్లటి అంచు, రొమ్ము మీద లేత గోధుమరంగు పూత. "ఇవి ఈ ఏటి పిల్లలు మావయ్యా," అంది.

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇవి పుట్టింది రష్యా ఉత్తరపు కొసన, తైమీర్ ద్వీపకల్పం ఉన్న ధ్రువప్రాంతపు మైదానాల్లో. మగవి జులై మొదట్లోనే గూడు వదిలి దక్షిణానికి వచ్చేస్తాయి. పిల్లలకు రెక్కలు కుదిరేటప్పటికి తల్లులూ బయల్దేరతాయి. పిల్లలు చివర మిగులుతాయి. వాటికి దారి చూపేవాళ్లు లేరు, ముందు వెళ్లిన గుర్తు లేదు. అయినా ఆగస్టులో లేచి సైబీరియా, మధ్య ఆసియా దాటుకుని వేల కిలోమీటర్లు వచ్చి ఆశ్వయుజ మాసంలో గోదావరి బురద మీద వాలాయి. ఎప్పుడూ చూడని చోట, ముందే వచ్చిన పెద్దవాటి పక్కనే తింటున్నాయి.

పిల్లలు ఎన్ని, పెద్దవి ఎన్ని అని లెక్క రాయడం ఊరికే కాదు. తైమీర్‌లో లెమ్మింగ్ అనే ఎలుకజాతి జీవులు కొన్నేళ్లకోసారి విపరీతంగా పెరుగుతాయి. ఆ ఏడు ధ్రువపు నక్కలకు వాటితోనే కడుపు నిండుతుంది కాబట్టి పిట్ట గూళ్ల జోలికి పోవు. తర్వాతి ఏడు లెమ్మింగులు పడిపోతే నక్కలు గుడ్లమీద, పిల్లలమీద పడతాయి. ఆ శరత్తులో దక్షిణ తీరాలకు చేరే గుంపుల్లో కొత్త ఈకల పక్షులు వెతికినా దొరకవు. ధ్రువప్రాంతంలో ఎలుకలు ఎలా ఉన్నాయో కాకినాడ గట్టు మీద కూర్చుని కొంతవరకు చెప్పొచ్చు. మేనకోడలు రెండు నిలువు గీతలు గీసి, పెద్దవి ఒకవైపు, పిల్లలు ఒకవైపు గుర్తులు వేసుకుంటూ పోయింది. ఆ ఉదయం పిల్లల గీతలు బాగానే పడ్డాయి.

గాడ్విట్ల సంగతి ఇంకా గొప్పది. 2022 అక్టోబరులో అలాస్కాలో ట్రాన్స్‌మిటర్ కట్టిన ఒక బార్-టెయిల్డ్ గాడ్విట్ పిల్ల, వయసు ఐదు నెలలు, ఎక్కడా వాలకుండా పసిఫిక్ దాటి టాస్మేనియా చేరింది. 13,560 కిలోమీటర్లు, పదకొండు రోజులు. తిండి లేదు, నీళ్లు లేవు, దిగి కాసేపు కునుకు తీసే అవకాశమూ లేదు. మన తీరానికి వచ్చే గాడ్విట్లు వేరే దారివి. అవి సైబీరియా నుంచి వస్తాయి. కానీ ఒంటి ఏర్పాటు ఒకటే. బయల్దేరే ముందు బరువు దాదాపు రెట్టింపయ్యేంత కొవ్వు పట్టిస్తాయి, ఆ బరువుకు చోటు ఇవ్వడానికి కాబోలు పేగు, పొట్ట కుదించుకుంటాయి. దిగిన చోట మళ్లీ వాటిని పెంచుకుంటేనే తిండి అరుగుతుంది. అందుకే దిగిన మొదటి రోజుల్లో వాటికి బురద మీద గడిపే ప్రతి గంటా ముఖ్యం.

ఎనిమిదిన్నరకు పోటు గట్టు కిందికి వచ్చేసింది. పక్షులన్నీ ఒక్కసారి లేచి, రెండు సుళ్లు తిరిగి, హోప్ ఐలాండ్ వైపు సాగిపోయాయి. మేమూ అటవీశాఖ అనుమతి కాగితం జేబులో పెట్టుకుని పడవ ఎక్కాం.

దిబ్బ కొసకు చాలా దూరంలోనే పడవాయన ఇంజను ఆపించాడు. పోటు వేళ బురద మొత్తం మునిగినప్పుడు పక్షులు నిలబడేందుకు మిగిలేది ఈ ఇసుక ఒక్కటే. అక్కడ అవి తినవు. ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి, గాలికి ఎదురుగా తిరిగి విశ్రమిస్తాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కెమెరా పట్టుకున్నవాళ్లలో కొందరు ఎగిరే గుంపు ఫొటో కోసం కావాలని వాటి మీదికి నడుస్తారు. పక్షి ఎగిరిన ప్రతిసారీ అది బురదలో తవ్వుకున్న తిండి కొంత కరిగిపోతుంది. పదేపదే లేపితే దాని ఉదయమంతా వృథా. మంచి ఫొటో దొరక్కపోయినా మనకు వచ్చే నష్టం లేదు. పక్షికి మాత్రం ప్రతి లేపుడూ ఖర్చే.

దూరం నుంచే స్కోపులో చూశాం. గుంపు మధ్యలో బొద్దుగా ఉన్న గ్రేట్ నాట్లు కొన్ని ఉన్నాయి. చిన్న గుల్లల్ని పెంకుతో సహా మింగి, లోపల కండగల పొట్టలో నలిపి అరిగించుకునే పక్షులివి. ప్రపంచంలో వీటి సంఖ్య వేగంగా పడిపోయింది. దక్షిణ కొరియాలో సేమంగమ్ అనే చోట సముద్రపు బురద మేటను పొలాలు, పరిశ్రమల కోసం ముప్పై మూడు కిలోమీటర్ల గోడ కట్టి 2006లో మూసేశారు. ప్రయాణం మధ్యలో వేల గ్రేట్ నాట్లు ఆగి తినే చోటు అది. పక్క తీరాలకు పోయి బతుకుతాయిలే అనుకున్నారు. ఆ పక్క తీరాల్లో అంత పెరుగుదల కనిపించలేదు, ఆస్ట్రేలియాకు చేరేవి తగ్గిపోయాయి. బురద పోయింది, దానితో పక్షులూ పోయాయి.

నాట్ల వెనకాల నల్ల టోపీ, ఎర్ర ముక్కు, తెల్ల పొట్టల వరస కనిపించగానే మేనకోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇండియన్ స్కిమ్మర్లు. ఈ పక్షికి కింది ముక్కు పై ముక్కు కన్నా పొడవు, పక్కల నొక్కేసి పల్చగా ఉంటుంది. నీటికి ఆనుకుని ఎగురుతూ, ఆ కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ పోయి, చేప తగిలితే టక్కున మూస్తుంది. ఎండాకాలంలో చంబల్, మహానది వంటి నదుల ఇసుక దిబ్బల మీద పొదుగుతాయి. వానాకాలంలో నది పొంగితే దిబ్బలు మునిగిపోతాయి, అవి చెదిరిపోతాయి. చలికాలం గడపడానికి పెద్ద గుంపులు చేరే కొద్దిచోట్లలో కాకినాడ అఖాతం ఒకటి. అంతరించే ముప్పున్న పక్షి ఇది. మేం చూసినవి ఆ ఏటి తొలి బృందమేమో, పట్టుమని ఇరవై కూడా లేవు. "ఇంకా వత్తాయండి. కార్తీకం వెళ్లాక సూడాల, ఇసక కనపడదు," అన్నాడు పడవాయన.

మధ్యాహ్నం యానాం రోడ్డు మీద చొల్లంగి దాటి కోరింగ అభయారణ్యానికి వెళ్లాం. ఈ చొల్లంగి దగ్గరే గోదావరి సప్తసాగర యాత్ర మొదలవుతుంది. పుష్య అమావాస్యకు వేల మంది సముద్రస్నానానికి వస్తారు. అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు. తిల్ల పాలు కళ్లలో పడితే చూపు పోతుందని ఇక్కడి వాళ్లు పిల్లలకు ముందే నేర్పుతారు. మడ చెట్ల చుట్టూ ఊపిరి వేళ్లు బురదలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి, వాటి మధ్య ఒక్క డెక్క మాత్రం పెద్దదైన చిన్న పీతలు. నల్లతల లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి మమ్మల్ని చూసి అరుచుకుంటూ పాయ దాటింది. నీలం వీపు, నారింజ పొట్ట ఒక్క క్షణం మెరిశాయి. అంతకు మించి ఎండవేళ అడవిలో పక్షులు కనపడలేదు.

ఈ అడవి వెనక ఒకప్పుడు కోరింగ అనే పెద్ద రేవు ఉండేది. ఓడలు కట్టేవారు, ఇక్కణ్ణుంచే తెలుగువాళ్లు రంగూన్‌కు కూలికి వెళ్లేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను వెంట సముద్రం మీద పడి ఆ రేవును ఊడ్చేసింది. ఇప్పుడున్నది చిన్న ఊరు. తుపాను ఉప్పెనకు మొదట ఎదురు నిలిచేది మడ అడవేనని ఈ తీరంలో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు.

సాయంత్రం నాలుగింటికి తిరిగి కుంభాభిషేకం చేరేసరికి పాటు పూర్తిగా తీసేసి ఉంది. బురద మీద పక్షులతో పాటు ఆడవాళ్లు ఉన్నారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మోకాళ్ల దాకా దిగబడుతూ, చేతులతో తడుముతూ గుల్లలు ఏరుతున్నారు. వాళ్ల వేళ్లు చేస్తున్న పనీ, పది బారల దూరంలో గాడ్విట్ ముక్కు చేస్తున్న పనీ ఒకటే. ఒకావిడ గట్టెక్కి తట్ట దించి మా స్కోపు వంక చూసింది. మేనకోడలు, "చూస్తావా పిన్నీ?" అని పక్కకి జరిగింది. ఆవిడ ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. "రోజూ మా పక్కనే తిరుగుతాయమ్మా. ఇంత బాగుంటాయని తెల్దు," అంది. తర్వాత తట్టలోంచి ఒక గుల్ల తీసి, అంచు దగ్గర పక్షి పొడిచిన గుర్తు చూపించింది. అది నిజంగా పక్షి పొడిచిందో, పడవ అడుగు తగిలిందో నాకు తెలియదు గానీ, ఆవిడ చెప్పిన తీరుకు నమ్మబుద్ధేసింది.

అభయారణ్యానికి హద్దు రాళ్లున్నాయి. ఆవిడ గుల్లలు ఏరిన బురదకు లేవు. అయితే చట్టం అసలు లేదనుకుంటే పొరపాటు. కేంద్రం 2011లోనూ 2019లోనూ ఇచ్చిన సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్లలో మడ అడవులతో సమానంగా, జీవం ఉన్న బురద మేటలను కూడా అత్యంత కట్టుదిట్టమైన తరగతిలోనే చేర్చారు. అంటే కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఇక్కడ పూడ్చడానికీ కట్టడానికీ వీల్లేదు. కానీ మడ చెట్టు నరికితే నలుగురికీ కనిపిస్తుంది, బురద మీద ఒక లారీ మట్టి పోస్తే చోటు చదును చేస్తున్నారని సంతోషించేవాళ్లే ఎక్కువ. ఇక్కడ ఏముందో రాసిపెట్టిన లెక్క లేకపోతే, పోయిన తర్వాత ఏం పోయిందో చెప్పడానికి కాగితం ఉండదు.

ఆ లెక్క రాసే పని ఇప్పటికే నడుస్తోంది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియాలోని పలు దేశాల్లో నీటి పక్షుల గణన చేస్తున్నారు. ఉద్యోగులు, విద్యార్థులు, రిటైరైనవాళ్లు స్వచ్ఛందంగా తలో చోటు పంచుకుని లెక్కపెడతారు. పక్షుల గురించి అంతా తెలిసి ఉండనక్కర్లేదు, తెలిసినవాళ్ల పక్కన నిలబడి అంకెలు రాసేవాళ్లు కూడా కావాలి. మేనకోడలు ఈ ఏడు కుంభాభిషేకం గట్టుకు పేరిచ్చింది. రాసేవాళ్లు తక్కువయ్యారంటే నా పేరూ ఇచ్చాను. పడవాయన జనవరిలో ఏ రోజులు మంచివో పోటు చూసి చెబుతానన్నాడు.